మస్కట్ పేరు చెప్పి

కిందటి వారం మంజులతను శ్రీశైలం రోడ్డు బస్సులో, గుండె చిక్కబట్టుకుని కూర్చున్నచోట వదిలాం. ఆమె పక్క సీట్లో వెర్నా హోలిస్ ఉంది. అమెరికాలో ఓక్లండ్ అనే రేవు పట్నంలో నర్సుగా పనిచేసే యాభై ఏళ్లు దాటిన నల్లజాతి మనిషి ఆమె. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల దొరతనం కింద నలుగుతున్న ప్రజల కోసం తన దేశంలో ఊరేగింపులు తీసి, జైలుకు కూడా పోయి వచ్చింది. హైదరాబాదు సభలో ఆమె చెప్పిన రెండు ముక్కలు చౌటుప్పల్ బడిలో ఇంగ్లీషు చెప్పే మంజులతను నిలువునా వణికించాయి. దక్షిణాఫ్రికాలో ఒక సొరంగం పని దగ్గర నల్ల కార్మికులు సమ్మె కట్టారు. వాళ్ల జాగాలో దింపడానికి కంపెనీవాళ్లు ఇండియా నుంచి, పాలమూరు అనే చోటు నుంచి, రఘుపతి అనే మేస్త్రి చేత కూలీలను తెప్పిస్తున్నారు.

రఘుపతి మంజులతకు తోడబుట్టిన అన్న. మస్కట్‌లో పని అని చెప్పి ఆయన పోగుచేసిన రెండో గుంపు ఈ రోజే కల్వకుర్తి నుంచి బయలుదేరుతున్నది.

బస్సు దిగేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. శ్రావణం సగమైనా చినుకు రాలలేదు. అంతకుముందు ఏడూ అంతే. ఊరి చివర పల్లికాయ మిల్లుకు ఆడించడానికి కాయ లేక తాళం పడి చాలా కాలమైంది. ఈ రోజు మాత్రం దాని గేటు బార్లా తెరిచి ఉంది. లోపల వాకిట్లో లారీ నిలబెట్టి ఉంది. దాని నీడన మగవాళ్లు కొత్త తువ్వాళ్లు భుజాన వేసుకుని కూర్చున్నారు. ఆ తువ్వాళ్లు రఘుపతి పంచినవే. ఒక మూల పెద్ద గంజులో మేకకూర ఉడుకుతున్నది. తల్లులు, పెళ్లాలు, పిల్లలు గోడ పొడుగునా చేరారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, వాళ్లను నవ్వించేవాళ్లు నవ్విస్తున్నారు. కోసే పొట్టేలుకు కూడా ముందు పచ్చగడ్డి చూపిస్తారు కదా అనిపించి మంజులతకు ఒళ్లు మండింది.

ఆడవాళ్ల నడుమ షరీఫా ఉంది. ఆమె భర్త నూరుద్దీన్ రెండు నెలల కింద మొదటి గుంపుతో పోయాడు. రాతికి రంధ్రాలు కొట్టి మందు కూరడంలో నూరుద్దీన్‌ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన పోయాడంటే అది మంచి పనే అయి ఉంటుందని మిగతావాళ్లు ధైర్యం చేశారు. పోయేవాళ్ల పెళ్లాలు షరీఫా చుట్టూ చేరి అడుగుతున్నారు. "అక్కా, ఆడ నీళ్లు దొరుకుతయట్నా? అన్నం మనసొంటిదే పెడుతరా?" షరీఫా ఏదో ఒకటి చెప్పి వాళ్ల గుండె నిలబెడుతున్నది. నిజానికి ఆమెకు ఏమీ తెలియదు. నెలకోసారి రఘుపతి మనిషి వచ్చి "బాగున్నడట" అని చెప్పిపోవడమే.

"ఏందే మంజులా, చెప్పకుండ చెయ్యకుండ దిగినవ్?" రఘుపతి నవ్వుతూ ఎదురొచ్చాడు. నలభై దాటినవాడు. తెల్లచొక్కా, చేతికి కొత్త గడియారం. "ముందుగాల అన్నం తిను. గీమెవరు?"

"చెప్త. నువ్వు జర ఇటు రా అన్నా."

లారీ అవతలి పక్కకు తీసుకుపోయింది. అక్కడ ఎవరూ లేరు.

"అన్నా, వీళ్లందరు పోయేది మస్కటేనా?"

"కాకుంటే ఏందే? కల్వకుర్తికి లారీ గావాల్నా?" పెద్దగా నవ్వాడు.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

అప్పటికైనా అన్న తడబడతాడని ఆమె ఆశ. అట్లా తడబడి ఉంటే ఏడ్చి, బతిమాలి, కాళ్లు పట్టుకుని అయినా లారీని ఆపించేది. నలుగురిలో పరువు తీసేది కాదు. చిన్నప్పుడు తల్లి పోతే ఈ అన్నే ఆమెకు తల దువ్వి బడికి పంపాడు. డ్యాముల కింద మట్టి మోసి ఆమెను చదివించాడు. ఆ సంగతి ఆమె ఒక్కనాడు కూడా మరిచిపోలేదు.

రఘుపతి చెయ్యి ఎత్తాడు. ఒక్క క్షణం కూడా ఆగకుండా చెల్లెలి నెత్తి మీద పెట్టాడు.

"నీ తోడు, మస్కటే."

మంజులత నెమ్మదిగా ఆ చెయ్యి తీసి పక్కకు పెట్టింది. తిరిగి వచ్చి మిల్లు అరుగు ఎక్కింది. వెర్నాను కూడా చెయ్యిపట్టి ఎక్కించింది.

"జర అందరు ఇనున్రి," అంది. గొంతు బడిలో పిల్లలను పిలిచే గొంతే. "ఈమె పేరు వెర్నా. అమెరికా నుంచి వచ్చింది. మీరు పోయే జాగ సంగతి ఈమెకెరుక. ఈమె ఇంగ్లీషుల చెప్తది, నేను తెలుగుల చెప్త. అయినంక మీ ఇష్టం."

"అమెరికా అంటివి బిడ్డా," అని ముందు నోరు విప్పింది నర్సింగమ్మ. అమ్రాబాద్ పక్క మనిషి. సగం జీవితం కాలువ పనుల్లో, డ్యాము పనుల్లో గడిపిన ముసలమ్మ. మనుమణ్ని సాగనంపడానికి వచ్చింది. "అమెరికోళ్లు తెల్లగుంటరంటరు గదా. గీమె మన లెక్కనే ఉన్నదేంది?"

వాకిట్లో నవ్వు లేచింది. మంజులత ఆ ప్రశ్ననే అడిగింది. వెర్నా కూడా నవ్వింది. నవ్వి, చెప్పింది.

"వాళ్ల ముత్తవ్వను ఆఫ్రికాల పట్టుకున్నరట," మంజులత తెలుగులో అంది. "గొలుసులేసి ఓడ ఎక్కిచ్చి, అమెరికాకు తీస్కపోయి అమ్మిండ్రట. గందుకే గీమె ఆడ పుట్టింది."

నవ్వు ఆగిపోయింది.

"మనిషిని అమ్ముడేంది?" నర్సింగమ్మ నమ్మలేదు. "ఎవలు అమ్మిండ్రు?"

మంజులత అడిగింది. వెర్నా జవాబిచ్చింది. దాన్ని మంజులత, అన్న మొహం చూడకుండా తెలుగులో చెప్పింది. "కొన్నది తెల్లోళ్లట. పట్టిచ్చినోళ్లల్ల సొంత ఊరోళ్లు గూడ ఉన్నరట."

రఘుపతి లారీకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంకా నవ్వు మొహమే పెట్టుకుని ఉన్నాడు. గుంపులో ఒకరిద్దరిని కూర వడ్డించమని సైగ చేశాడు. ఎవరూ లేవలేదు.

వెర్నా ఒక్కొక్క మాటే చెబుతూ పోయింది, మంజులత ఒక్కొక్క మాటే తెలుగులోకి దించుతూ పోయింది. మీరు పోయేది మస్కట్ కాదు. బొంబాయిలో విమానం ఎక్కించి ముందు ఒక దీవికి తీసుకుపోతారు. అక్కడ వేరే కాగితాలు చేతిలో పెట్టి దక్షిణాఫ్రికాలో దింపుతారు. ఆ దేశానికి పోవద్దని మన సర్కారే ఎప్పుడో కట్టడి చేసింది. ఎందుకంటే అక్కడ నల్లవాడికి ఓటు లేదు, తన ఊళ్లో తనకు జాగా లేదు, బయటికి పోతే జేబులో చీటీ ఉండాలి, లేకుంటే జైలు. మీరు దిగబోయే సొరంగం పైకప్పు కూలి మనుషులు లోపలే సమాధి అయిపోయారు. పీనుగులను తీసేదాకా అయినా పని ఆపమని తోటివాళ్లు అడిగారు. కంపెనీ ఆపలేదు. అందుకే సమ్మె. సమ్మె కట్టినవాళ్ల పెళ్లాం పిల్లలను గుడిసెల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లిప్పుడు ఆ సొరంగం దారి పక్కనే బరకాలు కప్పుకుని ఉంటున్నారు. మిమ్మల్ని ఆ దారినే, తుపాకులవాళ్ల నడుమ తీసుకుపోతారు.

"ఇదంతా నిజమేనా పటేలా?" అని ఎవరో రఘుపతిని అడిగారు.

"నిజమెట్లయితది?" రఘుపతి రెండడుగులు ముందుకొచ్చాడు. "గామె ఎవతో, ఏ పాదిరీలు పంపిండ్రో! మా మంజుల అమాయకురాలు. సభలంటది, సంఘాలంటది. గీమె మాటలకు పడ్డది. నూరుద్దీన్ పోయి రెండు నెల్లాయె. ఏమన్న అయిందా? షరీఫాను అడుగున్రి."

అందరూ షరీఫా వైపు చూశారు. షరీఫా తల దించుకుంది.

అప్పుడు నర్సింహ లేచాడు. ఈ గుంపుకు పెద్ద అతనే. ముప్పై అయిదేళ్ల మనిషి, మాట కరుకు. "ఆమె చెప్పింది నిజమే అనుకుందాం. అయితే ఏంది?" అన్నాడు. కోపమంతా వెర్నా మీదే. "మా చెలకల గడ్డి గూడ మొలవలె. ఎడ్లను కటికోళ్లకు తోలినం. నా బిడ్డకు పాలు లెవ్వు, నా ఆలికి రొమ్ముల పాలు ఎండిపోయినయ్. గాళ్లు సమ్మె జేసిండ్రు, గాళ్ల ఇష్టం. మేం చెయ్యమన్నమా? ఇమానం ఎక్కి వచ్చి, తినొద్దు అని చెప్పుడు అల్కనే. అడుగు మంజులమ్మా. మేం పోకుంటే ఈమె మాకు బువ్వ పెడ్తదా?"

మంజులతకు ఆ మాటల పదును తగ్గించి చెబుదామనిపించింది. తగ్గించలేదు. అన్నీ అట్లాగే చెప్పింది, రొమ్ముల్లో పాలు ఎండిన సంగతితో సహా. వెర్నా నర్సింహ కళ్లలోకి చూసే జవాబిచ్చింది.

"పెట్టలేనంటుంది," మంజులత చెప్పింది. "నా దగ్గర ఏం లేదు, ఉన్నదని అబద్ధం చెప్ప అంటుంది. మా ఆయన ఓడల మీది సరుకు దించే కూలి అంటుంది. ఒకపారి ఆ దేశం నుంచి ఓడ వచ్చిందట. అది ఎవల చెమటతోని వచ్చిన సరుకో వీళ్లకు ఎరుకైందట. రేవుల పనిజేసే కూలోళ్లందరు, నల్లోళ్లు తెల్లోళ్లు కలిసి, ఆ సరుకును ముట్టలేదట. రోజుల తరబడి ఓడ అట్లనే ఉన్నదట. వీళ్లకు కోర్టు నోటీసులొచ్చినయట."

"కూలి పోయిందా?" అడిగినవాడు ఐలేశం. నర్సింగమ్మ మనుమడు, పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

"పోయిందట."

"మరెందుకు ముట్టలే? గాళ్లకు ఏమైతరు ఆ ఆఫ్రికోళ్లు?"

ఆ ప్రశ్నకు వెర్నా వెంటనే జవాబు చెప్పింది. మంజులతకు మాత్రం దాన్ని తెలుగులో పెట్టడానికి కొంత సమయం పట్టింది.

"మా ఆయన గూడ నన్ను గిదే అడిగిండు అంటుంది. ఏమైతరు వాళ్లు మనకు అని. తెల్లారి రేవుకు పోయి, ఆ సరుకు పెట్టె మీద చెయ్యి పెట్టి, తీసేసిండట. ఇంటికొచ్చి ఏమన్నడంటే, ఏమైతరో నాకు తెల్వదు గని, దీన్ని మోస్తే నేను వాళ్ల వీపు మీద పడే కట్టెనయిత అన్నడట."

వాకిలి నిశ్శబ్దమైపోయింది. గంజులో కూర ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తున్నది.

ఆ నిశ్శబ్దం రఘుపతికి భయం పుట్టించింది. అప్పటిదాకా నవ్వు మొహం పెట్టినవాడు, అది జారిపోతున్నదని తెలియకుండానే అరవడం మొదలుపెట్టాడు. "ఏందిరా ఆ నల్లమొఖాలోళ్ల కోసం మీరు గూడ ఏడుస్తున్నరు? వాళ్లు తినక సత్తే మనకేంది, తిని సత్తే మనకేంది? వాళ్లు పని బంద్ వెట్టంగనే సొరంగం ఆగుతదా? కంపెనోళ్లు తుపాకులు వెట్టుకొని ఉన్నరు, మీ మీద ఈగ గూడ వాలది! మీరు గాకుంటే ఇంకో జిల్లోళ్లు పోతరు. పొయ్యేటోళ్లకు కరువా?"

అనేశాక తెలిసింది తాను ఏమన్నాడో. నోట్లోంచి పోయిన మాటను పట్టుకునేవాడిలా ఒక చెయ్యి గాలిలోకి లేచి ఆగింది.

"మస్కట్ల సొరంగమేంది పటేలా?" ఐలేశం చాలా నెమ్మదిగా అడిగాడు. "బిల్డింగుల పని అంటివి గదా మాకు. తుపాకులు ఎందుకుంటయి?"

రఘుపతి చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో, నెత్తి మీద చెయ్యి పెట్టినప్పుడు లేని తడబాటు, ఇప్పుడు వచ్చింది. కానీ అది దొరికిపోయిన తడబాటే తప్ప తప్పు చేసిన తడబాటు కాదు.

"నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసినవ్ అన్నా!" అని మంజులత అరిచింది. "నేను సచ్చినా నీకు పర్వలేదా? నన్ను సదివిచ్చిన చెయ్యి గదా అని మొక్కిన రోజులున్నయ్. మట్టి మోసినోనివి నువ్వు. మేస్త్రిలు మనల్ని ఎట్ల తిట్టిండ్రో, ఎట్ల కొట్టిండ్రో నువ్వే చెప్పి ఏడ్సినవ్. గా మేస్త్రిలకన్న పెద్ద మేస్త్రివి అయినవా? మనోళ్లనే గొర్లను తోలినట్టు తోలుతున్నవ్! ఏ దేశమో గూడ చెప్పకుండ!"

"నోర్ముయ్యి! గీ మట్టి పనితోనే నువ్వు టీచరమ్మవైనవ్."

"అయిన. గందుకే ఇయ్యాల మాట్లాడుతున్న."

కొట్లాట అక్కడే పెరిగేదేమో. నర్సింగమ్మ లేచి ఇద్దరి నడుమకొచ్చింది. ముసలామె రఘుపతిని తిట్టలేదు. వెర్నా ముందుకు పోయి నిలబడి, తెలుగులోనే, అర్థమవుతుందన్నట్టే మాట్లాడింది.

"నాకు ఒకటి యాదికొచ్చింది అమ్మా. మేం వయసుల ఉన్నప్పుడు మమ్మల్ని గిట్లనే లారీల వేస్కొని ఒక డ్యాము కాడికి తీస్కపోయిండ్రు. మరాఠోళ్ల దేశం. దారికి రెండు దిక్కుల మనుషులు నిలవడ్డరు. మాటలేదు, ఏం లేదు. ఒక ఆడిది సంకల పొరగానితోని నిలవడ్డది. నా అసొంటి మనిషే. లారీ మెల్లగైనప్పుడు మన్ను గుప్పిటితోని తీసి నా మొఖం మీద కొట్టింది. నా కండ్లల్ల వడ్డది. నేను ఎన్ని తిట్లు తిట్టిననో దాన్ని! ఏం పాపం జేసిన నీకు అని. ఆడ పనోళ్లు కూలి పెంచమని బంద్ వెట్టిండ్రని, మమ్మల్ని గాళ్ల జాగల దించిండ్రని మాకు తర్వాతెప్పుడో ఎరుకైంది. అప్పటికి గాళ్లు ఎటో పోయిండ్రు. ఎండకాలం మొత్తం గాళ్ల గుడిసెలల్లనే పన్నం మేం. ఆ పిల్లగాడు బతికిండో సచ్చిండో." ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకోలేదు. మనుమడి వైపు తిరిగింది. "ఐలా. నీ మొఖం మీద ఎవతె మన్ను కొట్టొద్దు బిడ్డా. తువ్వాల తీసెయ్."

ఐలేశం భుజం మీది కొత్త తువ్వాలు తీశాడు. మడత పెట్టి లారీ చక్రం పక్కన పెట్టాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు తీశారు. చాలామంది తియ్యలేదు. వాళ్ల కళ్లు నర్సింహ మీద ఉన్నాయి. నర్సింహ పోయి లారీ ఎక్కి, దాని మీద నిలబడ్డాడు.

"నాకు పిల్ల ఉన్నది," అన్నాడు, ఎవరినీ చూడకుండా. "మన్ను కొడితే కొట్టనియ్యి. నేను పోత."

ఇంకొంతమంది అతని వెనక నడిచారు.

అప్పుడే షరీఫా లేచి అరుగు దగ్గరికొచ్చింది. తల మీది కొంగు సరిచేసుకుని మంజులతను అడిగింది. "అక్కా. మా ఆయన పోయింది గూడ గక్కడికేనా?"

మంజులత ఇంగ్లీషులో చెప్పింది, ఈమె భర్త మొదటి గుంపుతో పోయాడని. వెర్నా, పేరేమిటని అడిగింది.

"నూరుద్దీన్," షరీఫా అంది. ఇంగ్లీషు రాకున్నా అది పేరు అడగడమేనని ఆమెకు అర్థమైంది.

"నూర్?" అంది వెర్నా. "నూర్... డ్రిల్లర్?"

డ్రిల్లర్ అన్న మాట ఆ వాకిట్లో అందరికీ తెలుసు. తలలన్నీ తిరిగాయి. వెర్నా అరుగు మీదనే కూర్చుండిపోయింది. షరీఫా రెండు చేతులూ పట్టుకుంది. చాలా మెల్లగా, ఒక్కొక్క మాటా ఎంచుకుంటూ చెప్పింది. వింటున్నకొద్దీ మంజులత మొహం పాలిపోయింది.

"చెప్పక్కా," షరీఫా అంది. "ఏదున్నా చెప్పు."

"దక్షిణాఫ్రికాకు దగ్గర్ల ఉన్న ఇంకో దేశంల, లుసాకా అనే పట్నంల, ఈమె పోయిన నెల ఉన్నదట. సరిహద్దులు దాటొచ్చిన యూనియన్ మనిషి ఒకడు చెప్పిండట. వచ్చిన ఇండియా కూలోళ్లల్ల ఒకడు, రంధ్రాలు గొట్టే నూర్, దారి పక్కన బరకాల కింద ఆడోళ్లను, పిల్లలను జూసిండట. ఎవలు వీళ్లు అని అడిగిండట. తెలుసుకొని, సొరంగం మొగదల మెషిన్ కింద పెట్టిండట." మంజులత వెర్నాను ఇంకోసారి అడిగింది. మిగతాది చెప్పింది. "నేను దిగ అన్నడట. కొట్టిండ్రట. అయినా దిగలేదట. పోలీసులొచ్చి తీస్కపోయిండ్రట. ఏడికి తీస్కపోయిండ్రో ఎవలకు తెల్వదట. ఆయన మన దేశంల ఏ ఊరోడో గూడ వీళ్లకు ఇయ్యాల్టిదాక తెల్వదు."

గోడ పక్కన ఎవరో ఆడమనిషి గుండెలు బాదుకుంది. షరీఫా ఏడవలేదు. రఘుపతి వైపు తిరిగింది.

"అన్నా. నెలనెలా బాగున్నడు బాగున్నడు అని మనిషిని పంపితివి. నీకు ఎరుకేనా?"

రఘుపతి చేతి గడియారం వైపు చూశాడు.

షరీఫా లారీ మీదివాళ్లను చూసింది. ఆమె గొంతు పెంచలేదు. "నా మనిషి దిగ అన్నడట," అంది. "ఒక్కడే. భాష రాని కాడ. మీరు ఇంతమంది ఉన్నరు. మీరు ఎక్కుతరా?"

ముందుగా దిగినవాడు ఎవరో ఎవరూ గమనించలేదు. లారీ చెక్క తలుపు గొలుసు చప్పుడైంది. ఒకడి వెనక ఒకడు దూకారు. కొందరు తువ్వాళ్లు నేలకేసి కొట్టారు. ఒకాయన పోయి గంజు కింది కట్టెలు కాలితో లాగేశాడు. "మా పాస్‌పోర్టులు మాకియ్యి!" అన్న కేక ముందు ఒక నోట, తర్వాత అందరి నోటా లేచింది. లారీ మీద నర్సింహ ఒక్కడు మిగిలాడు. పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. దిగడు, కూర్చోడు.

రఘుపతి ఆ గోల నడుమ నుంచి నింపాదిగా నడిచి చెల్లెలి దగ్గరికొచ్చాడు. దగ్గరికి వంగి, చెవిలో చెప్పాడు. ఆమెకు తప్ప వినపడలేదు.

"నూరుద్దీన్ ఏ జైల్ల ఉన్నడో నాకొక్కనికే ఎరుక. బొంబాయిల కంపెనీ ఆఫీసోళ్లు ఒక్క ఫోన్ కొడితే ఇడుస్తరు. వాళ్లు కొట్టాల్నంటే ఈ లారీ పొద్దుగూకకముందు కదలాలె. కదలకుంటే షరీఫాను వాని మీద ఆశ ఇడుసుకొమ్మను." వెనక్కి జరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "చెప్పవే టీచరమ్మా! ఇందాకటి సంది అన్నీ తెలుగుల చెప్పుడే గదా. గిది గూడ చెప్పు!"

వాకిలి మళ్లీ సద్దుమణిగింది. వెర్నా ఏమిటన్నట్టు చూసింది. షరీఫా చూసింది. ఇది చెబితే ఒక్క ఆడమనిషి నెత్తి మీద ఇంతమంది బతుకు పెట్టినట్టే. చెప్పకపోతే, ఏ దేశమో చెప్పని అన్నకూ తనకూ తేడా లేదు. మంజులత షరీఫా భుజం మీద చెయ్యి వేసి, ఆ మాటలన్నీ చెప్పింది. ఒక్కటి కూడా మింగలేదు.

దిగినవాళ్లు నేల చూపులు చూశారు. నర్సింగమ్మ "ఓరి నీ నోట్ల మన్నువడ" అని రఘుపతిని శపించి ఊరుకుంది. షరీఫా ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయింది. ఆమె ఇప్పుడు ఎక్కున్రి అంటే వీళ్లంతా ఎక్కుతారు. ఎక్కకుండా ఎట్లా ఉంటారు?

షరీఫా లారీ దగ్గరికి నడిచింది.

"నర్సింహన్నా. జర చెయ్యియ్యి. నన్ను పైకి గుంజు."

నర్సింహ బిత్తరపోయాడు. అయినా వంగి చెయ్యి అందించాడు. ఆమె చక్రం మీద కాలు పెట్టి ఎక్కింది. ఎక్కి, చెక్క మీద కూర్చుని, కొంగు నడుముకు చుట్టుకుంది.

"లారీ కదలాలె అన్నడు గదా పటేలు. కదలనియ్యి," అంది. "మొగోళ్లు ఒక్కలు గూడ ఎక్కొద్దు. నర్సింహన్నా, నువ్వు గూడ దిగు, నీ బిడ్డ ఏడుస్తుంది. బొంబాయికి నేను పోత. ఆ ఫోన్ కొట్టేది నా కండ్ల ముందట కొట్టాలె. అవతలికెల్లి నా మనిషి గొంతు నాకినపడాలె."

తర్వాత ఆమె చూపు రఘుపతి మీద నిలిచింది.

"ఏం అన్నా, నిలవడ్డవ్? నాకు తొవ్వ తెల్వదు. నువ్వు గూడ ఎక్కు."